విరుద్ధాహారమా? విరుద్ధాచారమా?

పాలతో పులుపు కలుపరాదు, రాత్రి పెరుగు ముట్టరాదు, చేపయు పాలును ఒకపూట తిన్నచో బొల్లి పుట్టును - ఇట్టి మాటలు మన యిండ్లలో తరతరములుగా వినవచ్చుచున్నవి. ఇవి ఆయుర్వేదవచనములని చెప్పగానే ప్రశ్నించు నోళ్లు మూతపడును. ఆయుర్వేదమునెడ మాకు గౌరవము కలదు. కాని శాస్త్రములో సగము దాచి, సగము చూపి, ఆ సగముతో ఇల్లాండ్ర కంచములను, పసిబిడ్డల గిన్నెలను వెలితిచేయుటను మాత్రము మేము సహింపజాలము.

చరకసంహిత సూత్రస్థానమున 26వ అధ్యాయమును విప్పి చూడుడు. అచట విరుద్ధము 18 విధములుగా చెప్పబడినది. అందు సంయోగవిరుద్ధము, అనగా పదార్థముల కలయికవలన కలుగు విరోధము, ఒక్కటి మాత్రమే. తక్కినవి దేశము, కాలము, జఠరాగ్ని, పరిమాణము, అలవాటు, తినువాని యవస్థ మున్నగువానిని బట్టి యేర్పడినవి. మనవారు ఆ యొక్కదానిని పట్టుకొని పదునేడింటిని విడిచిరి. అంతియకాదు, అలవాటుపడినవానికిని, కొలదిగా తిన్నవానికిని, అగ్నిబలము గల యువకునికిని, వ్యాయామముచే బలముగన్నవానికిని విరుద్ధాహారము హాని చేయజాలదని ఆ యధ్యాయమే చెప్పుచున్నది. చేపను పాలతో తినరాదను నియమమైనను వాదము లేక వెలసినది కాదు. చిలిచిమమను నొక్కజాతి తప్ప తక్కిన చేపలను పాలతో తినవచ్చునని భద్రకాప్యుడు పలుకగా ఆత్రేయుడు ఖండించెను. ఋషులు సభలో వాదించిన విషయమును మనము వంటింట నోరెత్తరానిదిగా చేసికొంటిమి!

సదుం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతముల భోజనమును చూడుడు. రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడి, మిరపకారము, టమాటా పప్పు. ఇందు వేరుసెనగ, మిరప, టమాటా మూడును అమెరికా ఖండమునుండి గడచిన అయిదువందల యేండ్లలో వచ్చినవే. చరకుడు వీని నెఱుగడు. ఐనను కాపువాడు వీనిని సంగటితో తిని పొద్దువ్రాలువఱకు మడిలో పాటుపడుచున్నాడు. గ్రంథమున లేని కలయికను అనుభవమే పరీక్షించి మంచిదని తేల్చినది. గ్రంథమున నున్న నిషేధమునకు మాత్రము ఆ పరీక్ష యక్కఱలేదా?

పాలు పులుపుతో విఱుగునని భయపడువారొక సంగతి గమనింపవలెను. ఏ పులుపును కలుపకున్నను, త్రాగిన పాలు కడుపులోని ఆమ్లముచే విఱుగకమానవు. అది జీర్ణమునకు తొలిమెట్టు. బొల్లి యనునది చర్మమునకు వన్నెనిచ్చు కణములు నశించుటచే కలుగును. శరీరరక్షణశక్తియే వానిపై తిరుగబడుట అందులకు ముఖ్యకారణమని నేటి వైద్యులు చెప్పుదురు. చేప, పాలు కలిసి దానిని పుట్టించుననుటకు ఋజువు లేదు. పాలలోని చక్కెరను అరిగించుకొనలేనివారికి ఒంటిపాలే కడుపుబ్బరము చేయును. వారికి మజ్జిగ సరిపడవచ్చును. ఇది మనిషిని బట్టి యుండును.

నిజముగా తెలిసికొనదగిన సంయోగములు లేకపోలేదు. భోజనము వెంటనే త్రాగు టీ, కాఫీలు ఆకుకూరలలోని యినుమును ఒంటబట్టనీయవు. నిమ్మరసము, ఉసిరిక దానిని ఒంటబట్టించును. ఏడాది నిండని శిశువునకు తేనె నాకించుట ప్రాణాపాయకరము; అందుండదగిన సూక్ష్మజీవుల బీజములు పసిప్రేగులలో మొలకెత్తి విషము కక్కి అవయవములను చచ్చుపఱుపగలవు. సంయోగవిచారము చేయు పెద్దలు వీనిని బోధింపరేల?

రాత్రి పెరుగు తనకు సరిపడదని తోచినవాడు మానుకొనవచ్చును. తాను మానుట వేఱు, పరుల కంచమునుండి లాగివేయుట వేఱు. మగవాడు పెరుగన్నములో మామిడిపండు పిసికికొన్నపుడు ఏ శాస్త్రమును అడ్డురాదు. బాలింత చేయి చాచినపుడే చరకుడు గుర్తునకు వచ్చును! పథ్యమను పేర ఆమెకు కూరలు కూడవు, పండ్లు కూడవు. కొన్ని యిండ్ల దప్పితీఱ నీరైనను కూడదు. కారపుపొడి, ఇంత తెల్లయన్నము, అంతే. ఆ చరకుడే శారీరస్థానమున బాలింతకు బలమును బట్టి నేయి, జావ యీయుమనియు, అయిదు లేక ఏడు రాత్రులు గడచిన పిమ్మట క్రమముగా పుష్టి కలిగింపుమనియు విధించెను. నూఱు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు; తెల్లబియ్యమున పది మిల్లీగ్రాములు మించదు. సంగటిసీమలో బిడ్డకు పాలిచ్చు తల్లికి రాగిజావ నిరాకరించుటకంటె విరుద్ధాహార మింకేమున్నది? 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులని తేలినది. వీరు చేపయు పాలును కలిపి తిని పాలిపోయినవారు కారు. అందఱికిని వడ్డించి, అడుగున మిగిలినది తిని పాలిపోయినవారు పెక్కండ్రు.

కావున గృహస్థులారా, శాస్త్రమును చదువుడు. సగము గాక సాంతము చదువుడు. ఒక నిషేధము వినబడినపుడు, ఇది ఎవరికి, ఎంత మాత్రమున, ఏ కాలమున, ఏ ఋజువుచే అని యడుగుడు. అడిగినందున శాస్త్రము చిన్నవోదు. గర్భిణిని, బాలింతను మీతోపాటు పంక్తిని కూర్చుండబెట్టి, ఆకుకూరయు పప్పును నిమ్మచెక్కయు ముందుగా వారి కంచమున వడ్డింపుడు. సదుములోనైనను చెన్నపట్టణములోనైనను అరుగని వస్తువొక్కటి కలదు. అది ఆకలిగొన్న తల్లికి అన్నమునకు బదులు వడ్డించు భయము.