ఒకే కప్పు కింద

భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటూ కూడా విడిగా బతుకుతుండవచ్చని మన సుప్రీంకోర్టు 1991లోనే ఒప్పుకుంది. పరస్పర అంగీకారంతో విడాకులు కోరేవాళ్లు కనీసం ఏడాది విడిగా ఉండాలన్నది హిందూ వివాహ చట్టంలోని షరతు. అందుకు వేరే ఇల్లు చూసుకోనక్కర్లేదు, ఆలుమగలుగా మెలగకపోతే చాలునని సురేష్ఠాదేవి కేసులో తీర్పు చెప్పింది.

హైదరాబాదు దగ్గరి ఇబ్రహీంపట్నంలో అలాంటి ఇళ్లు చూస్తున్నాను. విడాకుల మాటే ఎత్తని ఇళ్లు. పాతికేళ్ల కాపురం. ‘‘తిన్నవా?’’ ‘‘ఆఁ.’’ ‘‘కరెంటు బిల్లు కట్టినవా?’’ ‘‘కట్టిన.’’ రోజు గడిచిపోతుంది. కదిలిస్తే ‘‘మాకేం పంచాయితీ లేదు’’ అంటారు. నిజమే. పంచాయితీ ఉంటే పెద్దమనుషులైనా కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్లు.

సాగర్ రోడ్డు పొడవునా భూములు ప్లాట్లయ్యాయి. ఆదిభట్లకు టీసీఎస్ వచ్చింది, విమాన విడిభాగాల కంపెనీలు వచ్చాయి. పిల్లలు చదువుకున్నారు, కొలువులు దొరికాయి. ఆ మార్పును నేను తప్పుపట్టను. కానీ పెద్దచెరువు కింద పొలం ఉన్ననాడు మడికి నీళ్లు, ఎరువు, కూలీలు, వడ్ల ధర అంటూ ఇద్దరూ మాట్లాడుకోక తప్పని సంగతులు రోజూ ఉండేవి. పొలంతోపాటు ఆ మాటలూ పోయాయి. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లాక వాళ్ల ముచ్చట్లూ తగ్గాయి.

అలాగని ఆనాడు ప్రేమలు పొంగిపొర్లాయని అనను. పొలం పని సగం మోసిన ఆడమనిషి మాటకు ఇంట్లో విలువ ఎంత ఉండేదో మనకు తెలుసు. చాలామంది చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడాన్నే మగవాళ్లు కాపురం సర్దుకుందనుకున్నారు. అసలు దూరం అక్కడే పెరిగింది. అరవై దగ్గరపడ్డాక ఇల్లు బోసిగా ఉందని ఆయనకు ఇప్పుడు తోస్తోంది. ఆమెకు మాత్రం అది ఏళ్లనాటి సంగతి.

దీనికి చట్టంలో మందు వెతకొద్దు. విడిచి వెళ్లిన భార్యనో భర్తనో కాపురానికి రమ్మని డిక్రీ ఇచ్చే హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్‌ను 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ.చౌదరి కొట్టేశారు. మనిషి ఏకాంతాన్నీ గౌరవాన్నీ అది దెబ్బతీస్తుందన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. నాకు చౌదరిగారి మాటే సబబనిపిస్తుంది. డిక్రీ మనిషిని గడప దాటించి లోపలికి తేగలదేమో. పక్కన కూర్చున్న మనిషి చేత మనసు విప్పించే డిక్రీ ఏ కోర్టూ ఇవ్వలేదు.

కాబట్టి అన్నలారా, ముందు మీరే నోరు విప్పండి. ‘‘నీకేమైంది?’’ అని కాదు, ‘‘నువ్వు చెప్పంగ నేను ఇననిదేంది?’’ అని అడగండి. ఆమె ఆ పూట ఏమీ చెప్పకపోవచ్చు. మర్నాడు మళ్లీ అడగండి. ఇక మీతో ఉండలేనని చెప్పినా సరే, మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి.