పక్షులను చూడటం పనిలేని పనా?

ఆ మధ్య తాండూరులో ఒక సాహిత్య గోష్ఠి ముగిసిన తరువాత, టీ తాగుతుండగా ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ఆయన మన శిబిరంలోనివాడే. నాకంటె పెద్దవాడు, ఉపాధ్యాయుడు. "ఏం సారూ, రైతుకూ కూలికీ ఇన్ని కష్టాలుండంగ, మీరు ఆదివారమొస్తే మెడల దుర్భిణి ఏసుకొని పిట్టలెంట తిరుగుతున్నరట! ఇది మధ్యతరగతి విలాసం కాదా?" అన్నాడు. చుట్టూ ఉన్న విద్యార్థులు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చిన తరువాత మాత్రం నవ్వు రాలేదు. అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఆయన మాటలో నిజమెంతో ఒప్పుకొంటాను. చలికాలం వచ్చిందంటే హైదరాబాదు కార్లు వికారాబాదు దారి పడతాయి. కోటేపల్లి జలాశయం గట్టున, అనంతగిరి అంచున, మోమిన్‌పేట మండలంలోని ఎన్కతల గడ్డిభూముల్లో మూరెడు కటకాల కెమెరాలు బారులు తీరుతాయి. వాటిలో కొన్నింటి వెల తాండూరు నాపరాతి గనిలో పనిచేసేవాడి కొన్నేళ్ల కూలి. "అన్నా, గొర్లను జర అటు మళ్ళించు, ఫోటోలకొస్తున్నయి" అని ఒకాయన కాపరితో అనడం నేను స్వయంగా విన్నాను. గొర్లు మళ్ళినవి. ఫోటో వచ్చింది. మసక పసుపు మీద ఒంటరి గద్ద. అందులో ఊరు లేదు, గొర్రె లేదు. గడ్డి సైతం గడ్డిగా లేదు, రంగుగా మిగిలింది.

తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ని కనుక నాకిది పాత జబ్బులాగే తోచింది. చక్రవాకం హిమాలయాల అవతలినుంచి కూడా చలికాలంలో మన చెరువులకు వచ్చే బాతు. మన ప్రబంధకవులలో ఎందరు దాన్ని చూశారు? రాత్రి విడిపోయే జంట అన్న కవిసమయం చేతిలో ఉండగా చెరువుదాకా నడవడం దేనికి? ఈ మసక నేపథ్యమూ ఒక కవిసమయమే. ఆ మాటకొస్తే రాజైన కృష్ణదేవరాయలే నయం. ఆముక్తమాల్యదలో బాతులు రెక్కల్లో తలలు దూర్చి పొలం కాలువల్లో నిద్రపోతుంటాయి. వేకువన స్నానాలు చేసి బ్రాహ్మలు మరచిపోయిన తడిబట్టలనుకొని తలారులు తీయబోతే, అవి లేచి పారిపోతాయి. వరిచేని కాపలా ఆడవాళ్ళు నవ్వుతారు. బాతుతో పాటు కాలువా, చాకిరీ, చాకిరీ చేసేవాళ్ళ నవ్వూ అక్కడ ఉన్నవి. ఒక సార్వభౌముడికి కనబడినవాళ్ళు మన ఆదివారం కళాకారులకు అడ్డంగా ఎందుకు కనబడుతున్నారు?

కాని మిత్రమా, ఆ కెమెరావాడు కాపరిని ఫోటోలోంచి తీసేశాడు. మీరు పక్షిని కాపరి బతుకులోంచి తీసేశారు. ఇద్దరూ నమ్మింది ఒక్కటే: ఆ గద్దకూ ఆ నేలకూ ఆ మనిషికీ సంబంధం లేదని.

ఆ గద్ద పేరు పిల్లిగద్ద. వాటిలో మాంటేగు అనే జాతి కజకస్తాన్ వంటి దూరపు మైదానాలనుంచి వచ్చి, మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగి పోతుంది. చేలమీదా గడ్డిమీదా తక్కువ ఎత్తున ఎగురుతూ వేటాడుతుంది. చలికాలంలో దాని ఆహారంలో మిడతలదే పెద్ద వాటా. రాత్రి చెట్టెక్కదు. గుంపుగా గడ్డిలో, నేలమీదే పడుకొంటుంది. అంటే దానికి కావలసింది దున్నని, కంచె వేయని గడ్డినేల. గొర్రెకు కావలసిందీ అదే. ఊరివాళ్ళు దాన్ని బంచరాయి అంటారు, మేత అంటారు. సర్కారు దాన్ని బంజరు అంటుంది. దేశంలోని బంజరుభూములకు కేంద్రప్రభుత్వం అచ్చువేసే అట్లాసులో పొదలనేలలకూ పాడైన పచ్చికబయళ్లకూ వేరువేరు పద్దులే ఉన్నవి. ఒకసారి బంజరని రాశాక తీసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు, అక్కడ ఏమీ లేదని ముందే రాసి ఉన్నది గదా!

అడవి అని రాసి ఉన్నా గతి అదే. పూడూరు మండలం దామగుండంలో సుమారు 2,900 ఎకరాల అటవీభూమిని జలాంతర్గాములతో మాట్లాడే రేడియో కేంద్రం కోసం నావికాదళానికి అప్పగించారు. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రీ ముఖ్యమంత్రీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఇటువంటి మొదటి కేంద్రం తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో 1990నుంచి ఉన్నది. దేశరక్షణ వద్దని నేను అనడంలేదు. ఊళ్లవాళ్ళు అడిగింది మేత ఏమవుతుంది, మూసీ పుట్టే కొండల నీరు ఏమవుతుంది అని. వాళ్ళ పక్కన నిలబడి, ఈ అడవిలో ఏ నెలలో ఏ పిట్ట ఉంటుందో తేదీలతో చెప్పగలిగినవాళ్ళు ఎవరు? మీరు ఎగతాళి చేసిన తిరుగుబోతులే. మన పత్రికల్లో ఎన్ని వ్యాసాలు వచ్చినవి? లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువే.

పక్షి పేరు చెప్పి పేదను వెళ్ళగొట్టరా అని మీరడుగుతారు. వెళ్ళగొట్టారు. కొల్లేరును 1999లో అభయారణ్యం చేసి, 2006లో చేపలచెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు పెట్టుబడిదారు చెరువులతో పాటు పేదల సహకార సంఘాల చెరువులూ పోయినవి. పెద్దవాడు మరోచోట తవ్వుకోగలడు. చిన్నవాడికి ఆ ఒక్క నీరే గతి. కాబట్టే పక్షి లెక్క అటవీశాఖ చేతుల్లోనూ క్లబ్బుల చేతుల్లోనూ మాత్రమే ఉండరాదంటున్నాను. 1900 తరువాత ఎవరికీ కనబడని కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో దొరికింది. దాన్ని రాత్రివేళ పట్టి తెచ్చింది అక్కడి వేటగాడే. పేరు మాత్రం ఒక తెల్లదొరది, జెర్డన్‌ది!

పోయిన జనవరిలో ఎన్కతలలో, గొర్లను మళ్ళించిన ఆ కాపరి పక్కనే పొద్దుగుంకేదాకా కూర్చున్నాను. పిల్లిగద్దలు ఒకటొకటిగా వచ్చి గడ్డిలో దిగుతున్నవి. నేను పదకొండు లెక్కపెట్టాను. ఆయన పద్నాలుగన్నాడు. నేను చూడని వాగు వైపు దిగిన మూడింటిని వేలుపెట్టి చూపించాడు. "నిరుడు గింతకెక్కువుండె. ఆ పక్క ప్లాట్లు కొట్టిన్రు గద సారూ" అన్నాడు. రెండు లెక్కలనూ, ఆ మాటనూ తేదీ వేసి నోటుబుక్కులో రాసుకొన్నాను. ఈసారి గోష్ఠికి ఆ పుస్తకం తెస్తున్నాను, మిత్రుడు తీరిక చేసుకొని చూడాలి.