ట్యాబు మీద బొమ్మలు



గత నెలలో ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాసినది. ఆమె కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. బడినుండి రాగానే ఫోను తీసికొని, ఒక మూల కూర్చొని, వ్రేలితో బొమ్మలు వేయుచున్నాడట. తండ్రి కోపపడి రెండుసార్లు ఫోను లాగుకొన్నాడు. బడిలో డ్రాయింగు మాస్టారేమో, "వీడికి మంచి చెయ్యి ఉన్నది, ఆపవద్దు" అన్నారట. "అయ్యగారూ, ఇది ఆటా, చదువా? మేము ఎవరి మాట వినాలి?" అని ఆ తల్లి అడిగినది.

రెండు సంవత్సరముల క్రితమైతే మేము దీనికి వెంటనే జవాబు వ్రాసియుందుము. ఇప్పుడు అంత తొందరపడలేము. ఈ విషయములో మేమే ఒక పొరపాటు చేసియున్నాము. ముందు దానిని చెప్పుకొనుట న్యాయము.

నిరుడు వేసవి సెలవులలో మందిరము ప్రక్క గదిలో ఎనిమిది మొదలు పది తరగతుల పిల్లలకు బొమ్మల తరగతి పెట్టాము. రిటైరయిన డ్రాయింగు మాస్టారు ఒకరు ఉచితముగా నేర్పుటకు ఒప్పుకొన్నారు. పద్నాలుగు మంది వచ్చారు. కొందరి చేతులలో నోటు పుస్తకములు, కొందరి చేతులలో అమ్మానాన్నల ఫోనులు. 2022, 2023 సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వారికి ఇచ్చిన ట్యాబులు ఇప్పుడు తమ్ముళ్ళ చేతికి, చెల్లెళ్ళ చేతికి వచ్చినవి. అవి కూడా నాలుగైదు కనబడినవి. చివరి దినమున పోటీ పెట్టి, బహుమతి నిర్ణయించు పని మాకు అప్పగించారు. మాకు బొమ్మలు వేయుట రాదు. అయినను ఒప్పుకొన్నాము.

ఒక అబ్బాయి ట్యాబు మీద వాళ్ళ తాతయ్య ముఖము వేసి తెచ్చాడు. తలపాగా మడతలు, నుదుటి ముడతలు, కళ్ళలో మెరుపు, అంతా ఫోటో వలె ఉన్నది. ఒక అమ్మాయి పెన్సిలుతో బోరింగు దగ్గర నీళ్ళు పట్టుచున్న ఆడవారిని వేసినది. బిందె ఒక వైపుకు ఒరిగినది, ఒకామె చేతులు మోకాళ్ళ క్రిందివరకు వచ్చినవి. మేము ఆలోచింపక అబ్బాయికి మొదటి బహుమతి ఇచ్చాము. అమ్మాయికి ఏమియు ఇవ్వలేదు, ఒక మంచి మాట కూడా చెప్పలేదు. మరుసటి వారము నుండి ఆమె రాలేదు.

ఆ మరుసటి వారమే మాస్టారు ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, బొమ్మ ఎట్లు వేశావో చూపుము అన్నారు. ఐబిస్ పెయింట్ వంటి యాప్‌లలో బొమ్మ వేసిన క్రమమంతా వీడియోగా దాచబడుచుండును. దానిని తెరువగానే మొదట కనబడినది తాతయ్య ఫోటో. దానిమీద గీతలు నడచినవి, తరువాత ఫోటో మాయమైనది. అబ్బాయి అబద్ధము చెప్పలేదు. మేము అడుగలేదు, అంతే. ఫోటోమీద గీయుట తప్పు అని వానికి ఎవరును చెప్పియుండలేదు కూడా.

అది తప్పా? మాస్టారు తప్పు అనలేదు. సినిమా బ్యానర్లు, గోడమీద బొమ్మలు వేసిన పాత పెయింటర్లు ఫోటోమీద గళ్ళు గీసికొని, గోడమీద పెద్ద గళ్ళు గీసి, ఒక్కొక్క గడి పెంచుకొనుచు పోయేవారు. అయితే వారు గళ్ళు గీసినామని దాచలేదు, గళ్ళు లేకున్నను వేయగలిగిన చేయి వారిలో చాలమందికి ఉండెను. "వీడికి గళ్ళు తీసివేస్తే ఏమి మిగులుతుందో చూడాలి" అన్నారు మాస్టారు. అక్కడనుండి ఆయన నేర్పిన విధమును మేము ప్రక్కన కూర్చొని చూచాము. మా వలె తెలియని తల్లిదండ్రులకు ఉపయోగపడునని కొంత వ్రాయుచున్నాము.

మొదట, ఈ పరికరము వలన మేలు ఏమి? ఖర్చు. పోస్టరు కలర్ల పెట్టె, బ్రష్షులు, మందపు డ్రాయింగు షీట్లు కొనలేక బొమ్మలు మానుకొన్న పిల్లలు మన గ్రామములలో ఎందరో. ట్యాబులో రంగు అయిపోదు, షీటు చినుగదు. కంప్యూటరు ఉన్నవారికి క్రిత అను మంచి ప్రోగ్రాము పూర్తిగా ఉచితము. ఇంకొకటి, లేయర్లు. ఒకదానిమీద ఒకటి పరచిన ట్రేసింగు పేపర్లవంటివి అనుకొనండి. అడుగున పెన్సిలు చిత్తు, దానిపై శుభ్రమైన గీత, రెండింటికి నడుమ రంగు. రంగు చెడితే ఆ పేపరు ఒక్కటే తీసివేయవచ్చును, గీత చెడదు. భయపడే పిల్లకు ఇది ఎంతో ధైర్యము.

ఆ ధైర్యములోనే చిక్కు కూడా ఉన్నది. గీత తప్పితే వెనుకకు పోవు బాణము నొక్కితే చాలును. ఒక పిల్లవాడు ఒకే ముక్కు గీతను ఇరువది మారులు గీసి ఇరువది మారులు చెరిపినాడు. మాస్టారు ఒక నియమము పెట్టారు: మొదటి పది నిమిషములు బాణము ముట్టరాదు. తప్పిన గీత ప్రక్కనే సరియైన గీత గీయవలెను, రెండును కనబడవలెను. పిల్లలు గొణిగారు. వారము తిరుగకముందే గీతలు వణకుట తగ్గినది.

రెండవ చిక్కు, పెద్దదిగా చేసి చూచుట. తెరను వ్రేళ్ళతో సాగదీసి కనురెప్ప వెంట్రుకలకు గంట సేపు పట్టుదురు. తీరా చిన్నది చేసి చూచిన, ఒక కన్ను చెవి దగ్గరకు జరిగియుండును. అందుచేత ఆయన బొమ్మను అద్దములో చూచినట్లు కుడియెడమలు త్రిప్పి చూపించేవారు. చాల యాప్‌లలో ఈ సదుపాయము కలదు. వంకర అప్పుడు దానంతటదే బయటపడును. చేతిలో అద్దము పట్టుకొని బొమ్మను చూచుకొనుట చిత్రకారులు ఎరిగిన పాత పద్ధతియే.

రంగుల పాఠము మాకు అన్నిటికంటె నచ్చినది. యాప్‌లో ఒక చుక్కల గొట్టము వంటి గుర్తు ఉండును. ఫోటోలో ఎక్కడ తాకితే అక్కడి రంగును అది పీల్చి ఇచ్చును. పిల్లలు దానికి అలవాటుపడి కంటితో రంగు చూచుట మరచిపోవుచున్నారు. మాస్టారు ఒక మామిడి రెమ్మ తెచ్చి బల్లమీద ఉంచారు. ముందు కంటితో చూచి రంగు కలపండి, తరువాత ఫోటో తీసి గొట్టముతో సరిచూచుకొనండి అన్నారు. అందరు ఆకుపచ్చయే కలిపారు. తీరా చూచిన, చిగురు రాగి రంగు. ముదురాకు మీద ఆకాశపు వెలుగు పడిన చోట పచ్చదనమే లేదు, ఇంచుమించు బూడిద రంగు. నలుబది సంవత్సరములకు పైగా మామిడాకులు చూచుచున్న మేము కూడా పచ్చ అనియే చెప్పియుందుము.

ప్రతి దినము మొదటి అరగంట మాత్రము ట్యాబులు సంచులలోనే. నోటు పుస్తకము, పెన్సిలు, బయట బస్సు స్టాపు. కదలుచున్న మనుష్యులను ఒక్కొక్క నిమిషములో గీయుట. చేయి చాచి పెన్సిలు నిలువుగా పట్టి, ఒక కన్ను మూసి, తల ఎంత, ఒడలు ఎన్ని తలలంత అని కొలుచుట. నిలుచున్న పెద్దమనిషి సుమారు ఏడు, ఏడున్నర తలల ఎత్తు ఉండునని అక్కడ తెలిసినది. తక్కువ ధర ట్యాబు మీద వ్రేలితో గాని రబ్బరు మొన పెన్నుతో గాని గీస్తే, నొక్కుడును బట్టి గీత లావు సన్నము కాదు. ఆ తేడా చేతికి నేర్పునది పెన్సిలే. నొక్కుడు తెలిసికొను పెన్ను పలకలు కంప్యూటరుకు తగిలించుకొనునవి సుమారు మూడు నాలుగు వేల రూపాయలలో దొరకుచున్నవి గాని, చేయి బల్లమీద, కన్ను తెరమీద ఉండుట అలవాటగుటకు దినములు పట్టును. కొన్న వారములోనే పనికిరాదని మూల పడవేయవద్దు.

డేవిడ్ హాక్నీ అను ఆంగ్ల చిత్రకారుడు డెబ్బది యేండ్లు దాటిన తరువాత ఐఫోను మీద, 2010 నుండి ఐప్యాడు మీద బొమ్మలు వేయనారంభించెను. లండనులోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో 2018లో అమర్చిన రాణిగారి పేరిటి రంగుటద్దాల కిటికీ నమూనాను ఆయన ఐప్యాడు మీదనే గీసెను. విరియబూసిన పొదలతో ఒక పల్లె దృశ్యము. మందిరపు కిటికీ కూడా ఈ తెరమీద పుట్టవచ్చునని ట్యాబు లాగుకొన్న తండ్రులు గమనించవలెను. ఆ తెరను ముట్టక ముందు యాబది యేండ్లకు పైగా ఆయన పెన్సిలుతో, రంగులతో చేసిన సాధనను పిల్లలు గమనించవలెను.

ఇక పొట్టకూటి మాట. తల్లిదండ్రులు అడుగునది అదే గనుక దాచనేల? ఫ్లెక్సీలు, పెండ్లి కార్డులు, పుస్తకముల అట్టలు, యానిమేషన్, వీటన్నిటికి కంప్యూటరు మీద గీయగల చేయి కావలెను. అయితే మా సభల ఫ్లెక్సీకి ఒక పిల్లవాడు ఫోనులో వేసిన బొమ్మ ఇచ్చి చూచాము. ఫోనులో ముచ్చటగా ఉన్నది పందిరి మీద ఇటుక ముక్కలు పేర్చినట్లు చెదరిపోయినది, వెలుగుచున్న నీలము మందగించినది. మొదలు పెట్టునప్పుడే బొమ్మ కొలత పెద్దదిగా పెట్టుకొనవలెనని, తెర రంగు అచ్చులో అట్లే రాదని అప్పుడు తెలిసినది. ఏ4 కాగితము మీద చక్కగా అచ్చు కావలెనన్న అడ్డము 2480, నిలువు 3508 చుక్కలు ఉండవలెను. పై చదువుల సంగతి చూడగా, డ్రాయింగు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు కాగితము మీదనే. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయములో చిత్రకళ చదువుటకు వ్రాయు ప్రవేశ పరీక్షలోను చేతితో బొమ్మ వేసి చూపవలెను.

కనుక ఉత్తరము వ్రాసిన అమ్మా, ఫోను లాగుకొనవద్దని మీ ఇంటాయనతో మా మాటగా చెప్పండి. గంట అని గడువు పెట్టండి. దానికి ముందు అరగంట నోటు పుస్తకములో ఇంటిలోనిదే ఏదైన ఒకటి, రోలు గాని, కోడి గాని, మీరే గాని, చూచి గీయమనండి. పూర్తి అయిన బొమ్మను మాత్రమే చూచి మెచ్చుకొనక, ఎట్లు వేశాడో ఆ వీడియో కూడా చూపమనండి. మాట టైపు చేస్తే యంత్రమే బొమ్మ చేసి ఇచ్చు దినములివి. వేసిన క్రమమును చూచువారు ఇంటిలో ఒకరు ఉండుట అవసరము. వేసిన బొమ్మలు వేరొక చోట కూడా దాచమనండి. మా తరగతిలో ఒక పిల్ల ఫోను రిపేరుకు ఇచ్చి నలుబది బొమ్మలు పోగొట్టుకొని రెండు దినములు అన్నము మానినది.

బహుమతి పొందిన అబ్బాయి ఇప్పుడు తాతయ్యను ఎదుట కూర్చోబెట్టుకొని వేయుచున్నాడు. ముక్కు కుదరలేదు. తాతయ్య మాత్రము నిద్రపోవుచున్నాడట.

బోరింగు బొమ్మ వేసిన అమ్మాయి ఇంటికి మేము వెళ్ళాము. ఆ బొమ్మలో కొంగు బిగించి వంగిన ఆడవారి నడుములు ఎంత సరిగా ఉన్నవో మాస్టారు చూపించిన తరువాతనే మాకు కనబడినదని ఆమెకు చెప్పాము. ఆమె తల వంచుకొని విన్నది. పరీక్షలు అయిన తరువాత పంపుదునని వాళ్ళ అమ్మ అన్నది. బొమ్మ ఇంకా మా బల్లమీదనే ఉన్నది.