మద్యం దుకాణం ముందు నిలబెట్టిన టీచరును అడవికి పంపలేరా?

వేసవి సెలవుల్లో కొందరు ఉపాధ్యాయులనైనా అడవుల్లో, అభయారణ్యాల్లో, సరస్సుల దగ్గర పని నేర్చుకోవడానికి పంపాలన్న మాట ఎత్తితే చాలు, మన దగ్గర రెండు గొంతులు లేస్తాయి. ‘నెత్తిన ఇంకో బోధనేతర పనా’ అంటుంది ఉపాధ్యాయ సంఘం. ‘ఆన్‌లైన్‌లో మాడ్యూల్ ఉంది కదా’ అంటుంది విద్యాశాఖ కార్యాలయం. విని విని విసుగొచ్చింది. ఇద్దరూ ఒక అంకె వైపు కన్నెత్తి చూడరు. 50 గంటలు. ప్రతి టీచరుకూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ అవకాశం ఉండాలని జాతీయ విద్యా విధానం 2020లోనే రాసుకున్నాం. అవి నాలుగు గోడల మధ్యే గడవాలని అందులో లేదు.

ఇప్పుడెలా గడుస్తున్నాయో టీచర్లకు చెప్పనక్కర్లేదు. మండల కేంద్రంలో ఉక్కపోసే హాలు, తెర మీద స్లైడ్లు, సంతకం, భోజనం, మళ్లీ సంతకం. లేదంటే ఫోన్‌లో వీడియో దాని మానాన అది నడుస్తుంటుంది, టీచరమ్మ పప్పుకు తాలింపు పెడుతుంటుంది. చివర్లో క్విజ్, ఆపైన సర్టిఫికెట్. ఆమెను తప్పుపట్టను. ఆ వీడియో చేసినవాళ్లు కూడా దాన్ని రెండోసారి చూసి ఉండరు.

అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ ‘టీచర్-రేంజర్-టీచర్’ అనే కార్యక్రమం నడిపింది. బడి టీచరు వేసవిలో కొన్ని వారాలు రేంజర్ల పక్కన పనిచేసేవారు, స్టైపెండ్ తీసుకునేవారు, పాఠాలు తయారుచేసుకుని వెనక్కి వచ్చేవారు. ఏప్రిల్‌లో జాతీయ పార్కుల వారోత్సవాలప్పుడు రేంజర్ యూనిఫాంలోనే తరగతికి వెళ్లేవారు. ఆ పిల్లల్లో పార్కు గడప తొక్కనివాళ్లకు పార్కే బడికొచ్చినట్టు.

అమెరికా పేరెత్తానని మూతి విరిచేవాళ్లు కడప జిల్లా దాకా రండి. కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో అది లంకమల పొదల్లో మళ్లీ దొరికింది. దాన్ని పట్టిచ్చింది గ్రంథాలయం కాదు, ఆ పిట్టను పేరుతో సహా ఎరిగిన స్థానికులు. సిద్దవటం చుట్టుపక్కల సైన్సు చెప్పే టీచరు ఆ పొదల్లో ఒక్క రాత్రి చెవులు రిక్కించి కూర్చుంటే, ‘అంతరించిపోతున్న జాతులు’ పాఠం పుస్తకంలో ఉన్నట్టే మిగులుతుందా? అటు ఆమ్రాబాద్, ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం. రెండూ పులుల అభయారణ్యాలే, రెండో దాని విస్తీర్ణం మూడు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఎండాకాలంలో అక్కడ సాసర్ పిట్లలో నీళ్లు నింపుతారు, మంటలు పాకకుండా ఫైర్ లైన్లు తీస్తారు. చెంచు వాచర్లు అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్తారు. ఆహారపు గొలుసు మీద ఇంతకంటే మంచి మాడ్యూల్ ఎవరు రాయగలరు? పర్యావరణాన్ని బళ్లలో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది, 2003లో మళ్లీ చెప్పింది. చెప్పాల్సిన మనిషికి ఆ పర్యావరణం చూపించాలని మాత్రం మనకు తట్టలేదు.

ఎండలు, పాములు, మహిళా టీచర్లకు బస. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. ఇష్టపడినవాళ్లనే పంపాలి, అటవీశాఖ అతిథిగృహాలు ఉన్నచోటికే పంపాలి. దీనికి మహా మేధస్సు అక్కర్లేదు.

సంఘాల అభ్యంతరంలో ఒక ముక్క మాత్రం న్యాయం. సెలవుల్లో పని చేయించుకుని, బదులుగా ఇవ్వాల్సిన ఆర్జిత సెలవుల (ఈఎల్స్) దగ్గరికి వచ్చేసరికి ఫైలు కదలదు. కాబట్టి ఈఎల్స్ ఉత్తర్వు ముందు, అడవి తర్వాత. కానీ దీన్ని బోధనేతర పని అనడం అన్యాయం. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు టీచర్లను వాడొద్దంది. ఆ సెక్షన్ ఉండగానే 2020 మేలో విశాఖ జిల్లాలో టీచర్లను మద్యం దుకాణాల ముందు వరుసలు సరిచేయడానికి నిలబెట్టారు. ఆంధ్రాలో మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో పెట్టించారు. 2024 నవంబరులో తెలంగాణ కులగణనకు టీచర్లను పంపి ప్రాథమిక బడులను ఒంటిపూట చేశారు. వీటన్నిటికీ టీచరు సమయం దొరికింది. జింక నీళ్లు తాగే చోటు చూసి రమ్మంటే మాత్రం నిబంధనలు అడ్డొస్తాయట!

రోజుకు ఎనిమిది గంటలు వేసుకున్నా 50 గంటలంటే వారం లోపే. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త శాఖ అంతకన్నా అక్కర్లేదు. విద్యాశాఖ, అటవీశాఖ కార్యదర్శులు ఒక బల్లకు రెండు వైపులా కూర్చుంటే సాయంత్రానికి ఉత్తర్వు తయారవుతుంది. మరుగుదొడ్డి ఫొటో ఆలస్యమైతే మధ్యాహ్నంలోపు సంజాయిషీ అడిగిన యంత్రాంగం మనది. ఆ 50 గంటలను ఏం చేశారో ఒక్క ఏడాదైనా అది తన సంజాయిషీ తాను రాసుకోవాలి.