నల్లమల మీద గేమ్ చేస్తే తాడు ఎవరి చేతిలో ఉండాలి?

పోస్టు కొంచెం పెద్దదే. గేమ్స్ గురించి కదా అని దాటేసి పోవద్దు, చివరికి వచ్చేది మన విషయమే.

మనలో ఎక్కువ మందికి గేమ్ అంటే ఫ్రీ ఫైర్, పబ్జీ. కాల్చడం, చావడం, మళ్లీ మొదలుపెట్టడం. వీటికి చాలా ముందే అడ్వెంచర్ గేమ్స్ అని ఒక రకం వచ్చింది. వాటిలో తుపాకీ కంటే బుర్రకే ఎక్కువ పని. ఒక చోటు ఉంటది, అక్కడ వస్తువులు దొరుకుతాయి, మనుషులు ఎదురవుతారు, చిక్కుముళ్లు విప్పుకుంటూ పోవాలి. ఆ రకంలో బాగా పేరున్న సిరీస్ 'కింగ్స్ క్వెస్ట్'. 1984లో మొదటిది, 1998లో ఎనిమిదోది వచ్చింది. అది ఎట్లా పుట్టిందో చదివాక నాకు ఒక మాట గట్టిగా అనిపించింది. ఇలాంటి గేమ్‌కి ముందు కావాల్సింది నేల తెలిసినోళ్లు, కథ తెలిసినోళ్లు. కంప్యూటర్ తెలిసినోళ్లు ఆ తర్వాత. మొదటి రెండూ మన గూడేల్లో, తండాల్లో ఉన్నాయి.

కింగ్స్ క్వెస్ట్ కథ ఒక గుహ దగ్గర మొదలవుతుంది. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. ఇంటర్నెట్‌కి ముందు వచ్చిన ఆర్పానెట్ మీద ఆయన ఉద్యోగం. ఖాళీ దొరికితే కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో పాకుతూ కొలతలు తీసి మ్యాపులు గీసేవాడు. విడాకులయ్యాక పిల్లలకి దూరమైపోతున్నానని, వాళ్లు ఆడుకునేటట్టు 1975-76లో ఆ గుహనే గేమ్‌గా రాశాడు. పేరు 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్'. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. ఉత్తరానికి పో, దీపం తీసుకో అని టైప్ చేస్తే తర్వాత ఏమైందో అక్షరాల్లోనే చెప్తది. అందులో చాలా దారులు నిజం గుహలో ఉన్న దారులే. ఆయన మోకాళ్లతో తిరిగిన చోటు కాబట్టే అంత బాగా కుదిరింది.

అదే గుహలకి ఇంకో పాత కథ ఉంది. 1838లో స్టీఫెన్ బిషప్ అనే నల్లజాతి కుర్రాడిని బానిసగా అక్కడికి తెచ్చి గైడ్ పని చేయించారు. ఎవరూ దాటని అగాధాన్ని దాటి లోపలి దారులు ఎన్నో కనిపెట్టింది ఆయనే. 1842లో జ్ఞాపకం మీద గుహ మ్యాప్ గీశాడు, అది ఆయన పేరుతోనే పుస్తకంలో అచ్చయింది. పేరు అచ్చులో ఉంది, మనిషి మాత్రం ఇంకొకరి ఆస్తి. 1856లో స్వేచ్ఛ వచ్చింది, 1857లో చనిపోయాడు. నల్లమలలో పులి అడుగు చూసి ఎటు పోయిందో చెప్పే మన చెంచు వాచర్లు నాకు గుర్తొచ్చారు. దారి మనోళ్లది, పుస్తకం, సినిమా, పేరు వేరేవాళ్లవి.

ఇప్పుడు కింగ్స్ క్వెస్ట్‌కి వస్తా. 1979లో రాబర్టా విలియమ్స్ ఇద్దరు పిల్లల తల్లి, ఇల్లు చూసుకునే మనిషి. భర్త కెన్ ఇంటికి తెచ్చిన టెర్మినల్ మీద ఆ గుహ గేమ్ ఆడి, వదల్లేకపోయింది. తర్వాత వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి తన కథ, తన మ్యాపు తనే గీసుకుంది. కెన్ ప్రోగ్రామ్ రాశాడు. 1980లో 'మిస్టరీ హౌస్' వచ్చింది, అక్షరాలకి గీతల బొమ్మలు తోడయ్యాయి. జిప్‌లాక్ కవర్లలో పెట్టి అమ్మితే పదివేల కాపీలకు పైగా పోయాయి. ఆ ఇంటి కంపెనీయే పెరిగి సియెరా ఆన్‌లైన్ అయ్యింది. ఐబీఎం తన కొత్త పీసీ జూనియర్ కోసం అడిగితే చేసిన గేమ్ కింగ్స్ క్వెస్ట్. అందులో మనిషి చెట్టు వెనక్కి పోతే కనపడడు, ముందుకొస్తే కనపడతాడు. ఇప్పుడు నవ్వొస్తది గానీ అప్పటికి అది వింత. 1988లో నాలుగో భాగానికి రాజకుమారి రోసెల్లాని కథానాయికగా పెట్టింది. అప్పట్లో గేమ్స్‌లో ఆడపిల్ల ముందుండి నడిపించడం బాగా అరుదు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అందుకే రాబర్టా సంగతి నాకు బాగా పట్టింది. గేమ్‌కి ప్రోగ్రామ్ రాసింది ఆమె కాదు. చిన్నప్పటి నుంచి విన్న, చదివిన జానపద కథలున్నాయి.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మొదటి కింగ్స్ క్వెస్ట్‌లో ఒక మరుగుజ్జు తన పేరు చెప్పమంటాడు. జవాబు ఒక జర్మన్ జానపద కథలో ఉంది, దాన్ని అక్షరమాల తిరగేసి రాయాలి. ఆ కథ వినని పిల్లోడు గిద్దలూరులో కూర్చుని ఎంతసేపు కొట్టినా రాదు. వాడికి తెలివి తక్కువై కాదు. వాళ్ల అవ్వ చెప్పిన కథ వేరు.

మన అవ్వలు చెప్పిన దాంట్లో చిక్కుముళ్లు లేవా? మాలో తేనె తీసే పద్ధతి చూడండి. కొండ అంచు నుంచి తాడు కట్టుకుని పట్టు దగ్గరికి దిగాలి, పైన ఒకరు తాడు పట్టాలి. ఎవరు పట్టాలి? అన్నదమ్ముడు కాదు, బామ్మర్ది పట్టాలంటారు పెద్దోళ్లు. అక్క తాళి తెగనివ్వడు కాబట్టి తాడు వదలడని నమ్మకం. ఇది గేమ్‌లో పెట్టండి. నలుగురు నిలబడి ఉంటారు, తాడు ఎవరికిస్తావ్? ఆస్తి, చుట్టరికం, నమ్మకం అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి.

అయితే మన కథ ఇప్పటిదాకా ఎవరు చెప్పారు? అహోబిలం నరసింహుడు మా అల్లుడు, ఆ కథ మాది. 1958లో 'చెంచులక్ష్మి' సినిమాలో అక్కినేని, అంజలీదేవి వేశారు, జనం బాగా చూశారు. 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం రాసింది ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్. వాళ్లు చేసింది తప్పని అనను. ఆ పుస్తకం లేకపోతే కొన్ని సంగతులు ఈపాటికి పోయేవి. కానీ మా గూడేనికి కూడా కెమెరాలు పట్టుకుని వచ్చినోళ్లు పాటలు రికార్డు చేసుకుని పోయారు, మళ్లీ ఈ వైపు చూడలేదు. రేపు నల్లమల మీద గేమ్ కూడా అట్లాగే వస్తే అందులో మనం ఈకలు పెట్టుకుని బాణాలేసే బొమ్మలమే.

వేరే దారి ఉందని అలాస్కా ఆదివాసీలు చూపించారు. కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే వాళ్ల సంస్థ ఒక గేమ్ కంపెనీతో కలిసి 2014లో 'నెవర్ అలోన్' తెచ్చింది. ఇన్యుపియాక్ జనం కథ. ఆ కథ చెప్పిన పెద్దాయన చనిపోయారు కాబట్టి ఆయన కూతురిని వెతికి అనుమతి అడిగారు. కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే వినపడతది, ఇంగ్లీషు కింద అక్షరాల్లో వస్తది. ఆడుతూ పోతే పెద్దోళ్లు మాట్లాడే చిన్న వీడియోలు తెరుచుకుంటాయి. 2015లో దానికి బాఫ్టా అవార్డు కూడా వచ్చింది.

కొందరు అడుగుతారు, డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదువుకోకుండా ఇదేంటని. చదవండి, నేనూ చదువుతున్నా. కానీ కథ తెలిసిన ముసలోళ్లు నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగరు. వెలిగొండ రిజర్వాయర్ కింద పోతున్న ఊళ్లలో తండాలు కూడా ఉన్నాయి. ఆ వాగు దారులు, ఆ చెట్ల పేర్లు ఇంకో ఇరవై ఏళ్లకి ఎవరి నోట్లో ఉంటాయి?

ఇంకో భయం ఉంది, అది నిజమైన భయం. ఏ మందు ఏ చెట్టులో ఉందో, తేనె ఏ కొండకి పడతదో గేమ్‌లో పెడితే వ్యాపారులు మనకన్నా ముందు పోతారు. కాబట్టి ఏది చెప్పాలి, ఏది దాచాలి అనేది పెద్దోళ్లే తేల్చాలి. వాళ్లు వద్దంటే వద్దు. బయటోళ్లు చేస్తే ఈ మాట అడిగేవాళ్లే ఉండరు. మనమే చేయాలనడానికి నాకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

నేను అడిగేది చిన్నది. సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్క కథ, ఒక్క దారి అడిగి రాసుకోండి. అనుమతి అడిగి, చెప్పినోళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటేనే పెట్టండి. సుగాలీలు గోర్‌బోలీలో, ఎరుకలోళ్లు మీ భాషలో, యానాదులు, చెంచులు మన యాసలో. మ్యాపు మార్కాపురం పలక మీద గీసి ఫోటో తీసినా చాలు. ట్వైన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కోడింగ్ రాకపోయినా అక్షరాల గేమ్ కట్టొచ్చు, తెలుగులో కూడా. డిగ్రీలో కంప్యూటర్స్ చదివేవాళ్లు ఇద్దరు ముగ్గురు తోడొస్తే, తేనె తాడు చిక్కుముడితో మొదటి గేమ్ మొదలుపెడదాం.

వచ్చేవాళ్లు కింద మీ పేరు, మీ గూడెం లేదా తండా పేరు రాయండి. ఒప్పుకోని వాళ్లు ఎందుకు ఒప్పుకోరో అదీ రాయండి, మాట్లాడుకుందాం.