షెడ్డు దుమ్ముకు లెక్కేదీ?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు, కోళ్లను పూడ్చిపెట్టే సిబ్బందికి రక్షణ దుస్తులు, మాస్కులు ఇచ్చారు. మామూలు రోజుల్లో షెడ్డులో పనిచేసే కూలీకి మెడలోని తువ్వాలే మాస్కు. వైరస్ ఎప్పుడో ఓసారి వస్తుంది, దుమ్ము రోజూ ఉంటుంది. వైరస్ వస్తే యంత్రాంగం కదులుతుంది. దుమ్మును మాత్రం లెక్కలోకి తీసుకున్నవారు లేరు.

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం. 2019 పశుగణన ప్రకారం ఏపీలో సుమారు 10.8 కోట్లు, తెలంగాణలో 8 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు ఉన్నాయి. వాటికి దాణా పోసేవారు, గుడ్లు ఏరేవారు, పెంట ఎత్తేవారు పీల్చేది ఒట్టి మట్టిదుమ్ము కాదు. అందులో దాణా పొడి, ఈకల నూగు, ఎండిన రెట్ట, బూజు, చచ్చిన బ్యాక్టీరియా పైపొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం కలిసి ఉంటాయి. రెట్టలోని యూరిక్ ఆమ్లం కుళ్లి పుట్టే అమోనియా శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. అలా దెబ్బతిన్న దారిలో సన్నటి రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతాయి.

నష్టం మూడు రకాలు. దీర్ఘకాలిక దగ్గు, కళ్లె, పిల్లికూతలు ఒక రకం. పేరుకున్న పెంట ఎత్తిన సాయంత్రం చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గడం రెండోది. దీన్ని వైరల్ జ్వరమని సరిపెట్టుకోవడం తేలిక. పక్షుల ప్రొటీన్లు పడక ఊపిరితిత్తులే వాచి, క్రమంగా గట్టిపడటం మూడోది. ఆ దశకు చేరితే పోయిన ఊపిరి తిరిగి రాదు. ఆయాసం తట్టుకోలేనివారు ముందే పని మానేస్తారు. షెడ్డులో మిగిలినవారిని మాత్రమే పరీక్షిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

‘మా తాతలు పశువుల కొట్టంలోనే పడుకునేవారు, ఏమైంది?’ అనే ప్రశ్న సహజం. అందులో నిజమూ ఉంది. అమెరికాలో పాతపద్ధతి సేద్యం చేసే ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం ఉంటే, యాంత్రిక సేద్యం చేసే హటరైట్ పిల్లల్లో అది 21.3 శాతమని 2016లో వెలువడిన అధ్యయనం పేర్కొంది. పసితనంలో కొట్టం దుమ్ము తగలడం రోగనిరోధక శక్తికి ఒక పాఠం. కానీ నాలుగు గేదెలున్న కొట్టం వేరు, వేల కోళ్లున్న షెడ్డులో పెద్దవాళ్లు రోజంతా, ఏళ్ల తరబడి పీల్చే మోతాదు వేరు.

2025 దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం గాలిలో అమోనియాకు పది లక్షల పాళ్లలో 25 పాళ్ల పరిమితి పెట్టింది. కోళ్ల షెడ్డు కార్మికులను పరిశీలించిన అమెరికా పరిశోధకుడు కెల్లీ డోనమ్ బృందం 12 పాళ్లు దాటకూడదని, దుమ్ము ఘనపు మీటరుకు 2.4 మిల్లీగ్రాములకు మించకూడదని సూచించింది. దుమ్ము, అమోనియా విడివిడిగా చేసే చేటు కన్నా రెండూ కలిస్తే చేసే చేటు ఎక్కువ కావడమే ఈ జాగ్రత్తకు కారణం.

పరిష్కారాలు ఖరీదైనవేమీ కావు. దాణాలో కాస్త నూనె కలిపితే పొడి లేవడం తగ్గుతుంది. పెంట ఎత్తేముందు తడిపితే దుమ్ము అణుగుతుంది. తువ్వాలుకు బదులు ఎన్95 మాస్కు ఇవ్వాలి, షెడ్డులో గాలి ఆడాలి. పనిలో చేరినప్పుడు, ఆ తర్వాత ఏటా శ్వాస పరీక్ష చేయాలి.

సేంద్రియ ధూళితో వచ్చే ఊపిరితిత్తుల అలర్జీ వ్యాధి చట్టప్రకారం పరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. కానీ పరిహారానికి తొలి మెట్టు ఆసుపత్రిలోనే. దగ్గుతో వచ్చిన మనిషిని డాక్టరు ‘ఏం పని చేస్తావు?’ అని అడిగి, ఆ జవాబును ఓపీ చీటీ మీద రాయకపోతే ఆ జాబితా కాగితం మీదే ఉండిపోతుంది.