పంట పోయిందని చెప్పుకోలేని గ్రూపు మనకెందుకు?



పై వీడియోలో మా వాట్సాప్ గ్రూపు గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేశాను. అది చూసి "మేమూ మా మండలంలో ప్రకృతి వ్యవసాయం గ్రూపు పెడదామనుకుంటున్నాం, ఎలా నడపాలి?" అని కొందరు అడిగారు. వీడియోలో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఉంది, అందుకే కెమెరా ముందు నోరు రాలేదు.

గ్రూపు పెట్టింది 2018లో. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికే చోటు. కొన్ని నెలల్లోనే నిండిపోయింది. ఎందుకు నిండదు చెప్పండి? ఊరికి ఒక్కడే ఇలా చేసేవాడు. పక్క చేను వాడు నవ్వుతాడు, ఇంట్లోవాళ్ళు "అందరూ వేసేది నువ్వెందుకు వెయ్యవు" అని సణుగుతారు. అలాంటోడికి రాత్రి పదింటికి "జీవామృతంలో పురుగులు కనిపిస్తున్నాయి, వాడొచ్చా?" అని అడిగితే అరగంటలో జవాబు చెప్పే మనుషులు దొరికారు. నవారా విత్తనం ఒకరి దగ్గర ఉంటే, బహురూపి ఇంకొకరి దగ్గర. బస్సు పార్శిల్‌లో కిలో, రెండు కిలోలు అటూ ఇటూ పోయేవి. నేను కూడా మొదటి మూడేళ్ళు నిలబడింది ఆ గ్రూపు వల్లే. కాబట్టి గ్రూపులు వద్దని నేను అనను.

కానీ ఒకే నమ్మకం ఉన్నవాళ్ళు ఒకచోట చేరితే ఒక జబ్బు వస్తుంది. మంచి మాటే వినాలనిపిస్తుంది. మా గ్రూపుకూ అదే పట్టింది.

2021 చివర్లో మిరపకు నల్ల తామర పురుగు ఎలా వచ్చిందో గుంటూరు, పల్నాడు, ఖమ్మం వైపు రైతులకు నేను చెప్పక్కర్లేదు. పూలో దూరి రసం పీల్చేసి, పూతంతా రాల్చేసింది. మా గ్రూపులో ఒక తమ్ముడు రెండెకరాలు కౌలుకు తీసుకుని ప్రకృతి పద్ధతిలో మిరప వేశాడు. పువ్వు అరచేతిలో దులిపి, నల్లగా పాకుతున్న పురుగుల్ని వీడియో తీసి పెట్టాడు. "నీమాస్త్రం కొట్టాను, దశపర్ణి కొట్టాను, ఆగట్లేదు. ఏం చెయ్యాలి అన్నా?" అన్నాడు.

వచ్చిన జవాబులు ఇవీ. "మీ ఆవు నాటుదేనా, జెర్సీయా?" "కషాయం సరిగ్గా కాయలేదేమో." "ఆచ్ఛాదన లేకుండా చేస్తే ఇంతే." "నమ్మకం లేకుండా చేస్తే ఫలితం రాదు." తన చేను ఎక్కడ, ఎన్నాళ్ళయింది, చుట్టుపక్కల ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. అడ్మిన్‌గా నేనేం చేశానంటే, "కొత్తవాళ్ళు భయపడతారు తమ్ముడూ, ఆ వీడియో తీసెయ్" అని విడిగా మెసేజ్ పెట్టాను. తీసేశాడు. ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

తర్వాత తెలిసింది, ఆ ఏడు మందులు కొట్టిన చేలు కూడా అలాగే పోయాయి. ఒకదాని మీద ఒకటి కొట్టి, అప్పులు చేసి, చివరికి తోటలు పీకేసినవాళ్ళు ఉన్నారు. అంటే తప్పు ఆ తమ్ముడి ఆవుది కాదు, కషాయానిదీ కాదు. అదొక కొత్త పురుగు. ఆ వీడియోను మేం శ్రద్ధగా చూసి ఉంటే, మిగతా మిరప రైతులు నీలం రంగు జిగురు అట్టలు ముందే పెట్టుకునేవాళ్ళు, రోజూ పూలు దులిపి చూసుకునేవాళ్ళు. పంట మొత్తం దక్కేదని చెప్పను. హెచ్చరిక మాత్రం దక్కేది. దాన్ని నేనే చెరిపించాను.

మన సిద్ధాంతం పొలంలో పుట్టింది. ఫుకువోకా గారి సంగతే చూడండి. తండ్రి నారింజ తోటను మొదట్లో కత్తిరింపులు మానేసి ఊరికే వదిలేస్తే కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి, చెట్లు ఎండిపోయాయి. ఆ సంగతి ఆయనే తన పుస్తకంలో రాసుకున్నారు. ప్రకృతి వ్యవసాయం వేరు, గాలికొదిలెయ్యడం వేరు అని ఆయనకు నేర్పింది ఆ నష్టమే. ఆ పెద్దాయన ఇవాళ మన గ్రూపుల్లో ఎండిన చెట్టు ఫొటో పెడితే ఏమంటామో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకో తగువు ఉంది. వర్మీకంపోస్టు వాడొచ్చా అని ఒకరు అడుగుతారు. పాలేకర్ గారు వద్దన్నారని ఒకరు, సేంద్రియంలో అది మామూలేనని ఇంకొకరు. సాయంత్రానికి వంద మెసేజ్‌లు. అడిగిన రైతు నేలకు ఏం కావాలో మాత్రం తేలదు. పెద్దల మాట మనకు దారి చూపించాలి గానీ తోటి రైతు నోరు మూయించడానికి కర్ర కాకూడదు.

ఆ తర్వాత మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పనికొస్తే వాడుకోండి.

ఒకటి. నష్టం చెప్పిన పోస్టుకు ముందు ప్రశ్నలే వెయ్యాలి, తీర్పు చెప్పకూడదు. నేల ఏది, నీరు బోరుదా కాలువదా, విత్తనం ఏది, ఏ తేదీన వేశారు, ఈ పద్ధతిలోకి వచ్చి ఎన్నేళ్ళు? అలాంటి నేల ఉన్నవాళ్ళు ముందు మాట్లాడాలి.

రెండు. లాభం చెప్పినా అవే ప్రశ్నలు. "ఎకరాకు 40 బస్తాలు" అని వీడియో పెడితే చప్పట్లు కొట్టడం కాదు. నిరుటిదాకా ఆ చేలో యూరియా పడిందా, బస్తా ఎన్ని కిలోలు, అన్నీ చెప్పాలి. లేకపోతే అది చూసి కౌలు రైతు మొదటి ఏడే ఉన్నదంతా పెట్టేస్తాడు.

మూడు. అడ్మిన్ గ్రూపులో ఏదీ అమ్మకూడదు. ఇది చాలా ముఖ్యం. సీసాల్లో ద్రావణం అమ్మే అడ్మిన్‌కు, అది పని చెయ్యలేదని చెప్పే రైతు శత్రువులా కనిపిస్తాడు. ధాన్యం, విత్తనం అమ్ముకోవడానికి ఆదివారం ఒక్కరోజు అందరికీ వదిలేశాం.

నాలుగు. "తట్టుకోలేక ఒక బస్తా యూరియా వేశాను" అని చెప్పినవాణ్ణి తిట్టకూడదు. దాచిపెట్టేవాడికంటే చెప్పేవాడు మనకు దగ్గర.

ఐదు. టైపు చెయ్యలేనివాళ్ళు వాయిస్ పెట్టొచ్చు. ఈ ఒక్కదానితో అక్కలు మాట్లాడటం మొదలుపెట్టారు. డ్రమ్ము కలిపేది, విత్తనం దాచేది చాలా ఇళ్ళలో వాళ్ళే. అసలు సంగతులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

"నష్టాలు బయటపెడితే మందుల షాపువాడు నవ్వడా?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. నవ్వుతాడు. నవ్వనివ్వండి. మనం దాచినా ఊళ్ళో చేను అందరికీ కనిపిస్తూనే ఉంటుంది కదా. పోయిన పంట ఎందుకు పోయిందో మనమే చెప్పకపోతే, దాని కథ షాపువాడు చెప్తాడు. కొత్తవాళ్ళు భయపడతారన్నది కూడా సగమే నిజం. మొదటి రెండు మూడేళ్ళు దిగుబడి తగ్గొచ్చని ముందే తెలిసినవాడు అరెకరంతో మొదలుపెట్టి నిలబడతాడు. తెలియనివాడు ఐదెకరాలు మార్చేసి, దెబ్బ తిని, ఇంకెప్పుడూ మన వైపు చూడడు.

మొన్న సంక్రాంతి తర్వాత ఆ తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తాడు. నా తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు మిరపకు మందులే కొడుతున్నాడట. ఇంటి పక్కన పది సెంట్లలో మాత్రం కూరగాయలు జీవామృతంతోనే పండిస్తున్నాడట. "గ్రూపులోకి రా" అంటే "చూద్దాం లే అన్నా" అన్నాడు. ఇంకా రాలేదు.

గ్రూపు పెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ దాంట్లో ఎంతమంది ఉన్నారని లెక్క చూసుకోకండి. కిందటి నెలలో పంట దెబ్బతిన్నదని ఎంతమంది ధైర్యంగా చెప్పారో చూసుకోండి. ఒక్కరూ చెప్పలేదంటే, అందరి పంటా బాగుందని అనుకోవద్దు.